ఆడుపిల్ల కొండసైకిలు

మా యింటి వరండాలో రెండేండ్లపాటు ఒక సైకిలు గోడకు చేరగిలబడి యుండెను. నల్లని చట్రము, లావైన టైర్లు, ముందు స్ప్రింగు ఫోర్కు, ఇరువదియొక్క గేర్లు. ఇంటికి వచ్చిన ప్రతివారును దానిని చూచి "ఎవరిదండీ?" అని యడుగుదురు. "మా అమ్మాయిది. నాలుగు నెలలు తొక్కి మానివేసినది. ఈ కాలపు పిల్లలకు పట్టుదల యెక్కడిది?" అని నేను బదులు చెప్పుచుండెడివాడను. లోపలి గదిలో మా అమ్మాయి ఆ మాట వినుచుండెడిది. నేనొక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడను. పట్టుదలను గూర్చి యుపన్యసించుట నాకు వృత్తివలన అబ్బిన గుణము.

ఆ సైకిలును నేను కొనిన కథ మొదట చెప్పవలెను, ఏలయన తప్పంతయు అందే యున్నది.

మాది విశాఖపట్టణము. ఊరికి ఒకవైపు సముద్రము, తక్కిన వైపులను కొండలు. మా అమ్మాయి డిగ్రీ చదువులో చేరిన తరువాత, ఆదివారము తెల్లవాఱుజామున ఆ కొండల నడుమ ఎఱ్ఱమట్టి బాటలలో సైకిళ్లు తొక్కు యువతీయువకులతో ఆమెకు స్నేహము కలిగినది. "నాన్నగారూ, నాకూ ఒక కొండసైకిలు కావాలి" అని యడిగినది. నేను సంతోషించితిని. సంతోషించి, ఆమెను వెంటబెట్టుకొనకయే దుకాణమునకు పోయితిని.

దుకాణదారు మొదట అడిగిన ప్రశ్న "ఆడపిల్లకా సార్?" అని. అవునంటిని. అతడు గులాబిరంగు పూసి, ముందు బుట్ట తగిలించి, నడుమకడ్డీ వంగియున్న ఒక సైకిలును తెచ్చి నిలిపెను. ఇరువదియేండ్లుగా వీరేశలింగముపంతులుగారి వ్యాసములను పిల్లలకు బోధించుచున్నవాడను; నాకు రోషము వచ్చినది. "ఆడుపిల్లయైనంత మాత్రమున గులాబిరంగేల? మగపిల్లవానికి ఏ సైకిలు చూపింతువో అదియే చూపుము" అంటిని. అతడు చూపెను. 18 అంగుళముల చట్రము, 29 అంగుళముల చక్రములు, 17 కిలోల బరువు. నేనే యెక్కి దుకాణము ముందు రెండు చుట్లు తిరిగితిని. దివ్యముగా నుండెను. ఆనాడు ఇంటికి వచ్చునప్పుడు నేనొక సైకిలును మాత్రమే కాక సంఘసంస్కారమును గూడ తోసుకొని వచ్చుచున్నట్లు నాకు తోచినది.

నేను 173 సెంటీమీటర్ల యెత్తరిని. మా అమ్మాయి 155. ఆమె బరువు 48 కిలోలు. ఈ మూడంకెలలో ఏ యొక్కటియు ఆనాడు నా బుద్ధికి రాలేదు.

గడచిన వేసవిలో మా అక్కయ్య పదిదినములుండి పోవుటకు వచ్చినది. ఒకనాటి రాత్రి భోజనములైన తరువాత, ఎవరో బంధువుతో నేను యథాప్రకారము పట్టుదల శ్లోకము చదువగా, ఆయన వెడలిపోవువఱకు ఊరకుండి పిమ్మట నాతో ననెను: "ఒరే తమ్ముడూ, ఆ పిల్లని నలుగురిలో అలా అనకు. దానికి పట్టుదల లేక కాదు. ఆ సీటు మీద కూర్చోలేకపోయింది. పుళ్లు పడ్డాయి. నీతో ఎలా చెప్తుంది?"

నా భార్యవైపు చూచితిని. "నాకు తెలుసండీ. మీతో చెప్పడానికి నాకే నోరు రాలేదు" అని ఆమె తల వంచుకొనెను.

పుండ్లు మాత్రమే కాదు. హాండిలు దూరమగుటచే మెడయు భుజములును నొచ్చెడివట. అరచేతులు తిమ్మిరెక్కెడివట. బ్రేకు పిడి వ్రేళ్లకు అందక, దిగుడులో కొనవ్రేళ్లతో పట్టుకొని ప్రాణములు అఱచేత నుంచుకొని దిగెడిదట. ఒకనాడు ఱాళ్లలో సైకిలు ఆగిపోగా కాలు నేలకందక నడుమకడ్డీ మీద పడినదట. ఆ దినము మొదలు మరల నెక్కలేదు. ఇదంతయు మేనత్తకు ఫోనులో చెప్పుకొనినది. ఇంటిలో నున్న తండ్రి యొక్కనికే తెలియలేదు. తెలియకపోవుటయే కాదు, తెలియని దానిమీద తీర్పు చెప్పి, వచ్చినవారికెల్ల చదివి వినిపించితిని.

అక్కయ్య తన సంగతి యేమియు నెత్తలేదు. ఎత్తకపోయినను నాకు జ్ఞప్తికి వచ్చినది. మా స్వగ్రామము విజయనగరము జిల్లాలోనిది. ఊరిలో ఏడవ తరగతి వఱకే బడి. ఉన్నత పాఠశాల అయిదు కిలోమీటర్ల దూరమున నుండెడిది. మా తండ్రిగారి పెద్దసైకిలు మీద అక్కయ్య పదియేండ్లకే నేర్చినది. సీటు అందదు గనుక నడుమకడ్డీ క్రిందుగా కాలు దూర్చి, ఒరిగి, తొక్కుచుండెడిది. ఊరి వీథిలో ఆమె వెనుక నేను పరుగెత్తెడివాడను. 1988లో ఆమె ఏడవ తరగతి ముగించుటయు, పెద్దమనిషి యగుటయు ఒక్క వేసవిలోనే జరిగినవి. "ఇంక సైకిలేమిటి? ఆ సీటు మీద కూర్చుంటే ఆడపిల్ల పనికిరాకుండా పోతుంది" అని మా నాయనమ్మ అనెను. ఆ మాటకు అర్థమేమో నాకప్పుడు తెలియదు. నడచిపోవుటకు తోడు లేదు. ఆ యూరికి బస్సు లేదు. ఆమె చదువు అంతటితో సరి. నాలుగేండ్ల పిమ్మట అదే సైకిలు మీద నేను అదే ఉన్నత పాఠశాలకు పోయితిని. నా సంస్కృతమును, నా యింగ్లీషును, ఈ వ్యాసము వ్రాయు నేర్పును ఆ చక్రముల మీదనే నాకు వచ్చినవి.

నాయనమ్మ మాట యేమనగా, సైకిలు తొక్కిన కన్నెపొర చెడునని. ఈ సంగతి అచ్చులో వ్రాయుట చదువరులలో కొందఱికి సరిపడకపోవచ్చును. కాని వ్రాయకుండుటవలన ఎందఱి చదువులు చెడినవో తలచిన వ్రాయక తప్పదు. కన్నెపొర యనునది ఒక్కొక్క స్త్రీకి ఒక్కొక్క తీరున నుండునని, దానిని చూచి కన్నెఱికమును తేల్చుట సాధ్యము కాదని వైద్యులు స్పష్టముగా చెప్పుచున్నారు. అట్టి పరీక్షలకు శాస్త్రీయమైన ఆధారము లేదనియు, వానిని మానవలెననియు ప్రపంచ ఆరోగ్యసంస్థ ఐక్యరాజ్యసమితి సంస్థలతో గూడి 2018లో ప్రకటించినది. అత్యాచారపు కేసులలో చేయుచుండిన అట్టి పరీక్షను మన సుప్రీంకోర్టు 2022లో తీవ్రముగా గర్హించినది. సైకిలుకును శీలమునకును సంబంధమేమున్నది? సైకిలుకును చదువునకును మాత్రము మిక్కిలి దగ్గఱి సంబంధమున్నది.

ఈ భయము మన యొక్కరిదే యనుకొనరాదు. ఇంగ్లండులో 1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవరు సైకిలును వెలువరించిన పిమ్మట, రెండు సమాన చక్రముల బండి స్త్రీలకును అందుబాటైనది. వెంటనే అచ్చటి వైద్యులలో కొందఱు స్త్రీకి సైకిలు వలన ముఖము వికారమగుననియు, సీటు వలన నీతి చెడుననియు వ్రాయసాగిరి. అమెరికాలో ఫ్రాన్సిస్ విల్లర్డు అను సంస్కర్త్రి తన 53వ యేట సైకిలు నేర్చుకొని, ఆ నేర్చిన విధమును 1895లో ఒక చిన్న పుస్తకముగా ప్రకటించినది. మన దక్షిణదేశముననే తమిళనాట పుదుక్కోట జిల్లాలో 1990 తరువాతి తొలి సంవత్సరములలో అక్షరాస్యతా యుద్యమముతో బాటు వేలకొలది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చిరి. ఱాళ్లు కొట్టు కూలివనితలును అందులో నుండిరి. వారిలో పెక్కుమంది మగవారి సైకిళ్లనే తొక్కిరి. ముందు అడ్డకడ్డీ మీద బిడ్డను, వెనుక బియ్యపు బస్తాను ఎక్కించుకొనవచ్చును గదా!

దుకాణదారు నాకు చూపిన ఆ వంగిన కడ్డీ సంగతి గూడ కొంచెము చెప్పెదను. ఆ కడ్డీ స్త్రీ దేహమునకై వంగలేదు. స్త్రీ వస్త్రమునకై వంగినది. నాటి యింగ్లీషు దొరసానుల గౌనులు అడ్డకడ్డీకి చిక్కుకొనకుండ దానిని దించిరి. మన దేశమున చీరకును అదియే అక్కఱకు వచ్చినది. దేహమును గూర్చి ఆలోచించువారు చాల ఆలస్యముగా వచ్చిరి. 1985లో జార్జినా టెర్రీ అను అమెరికా ఇంజనీరు పొట్టివారైన స్త్రీలకు హాండిలు దగ్గఱగా నుండునట్లు, ముందు చక్రమును చిన్నది చేసి సైకిళ్లు కట్టి అమ్మ మొదలుపెట్టెను. కొండసైకిలైతే కాలిఫోర్నియాలో మారిన్ అను కొండప్రాంతమున 1970 తరువాత పుట్టినది. పాత బరువు సైకిళ్లను కొండమీదినుండి దొర్లించుకొని వచ్చెడి కుఱ్ఱవాండ్ర యాట అది. 1977లో జో బ్రీజ్ దానికై ప్రత్యేకముగా చట్రము కట్టెను. ఆ యాటలో స్త్రీలు అత్యల్పము. అయినను 1990లో కొలరాడోలోని డురాంగోలో తొలి ప్రపంచ పోటీ జరుగునప్పటికి జూలియానా ఫర్టాడో స్త్రీల విజేతయై నిలిచెను. 1996లో అట్లాంటా ఒలింపిక్సులో ఇటలీ వనిత పావోలా పెజ్జో స్వర్ణపతకము గొనెను. తయారీదారులు కొంతకాలము "స్త్రీలకు కాళ్లు పొడుగు, మొండెము పొట్టి" అని యొక సూత్రము చెప్పి, స్త్రీల చట్రములు వేఱుగా చేసిరి. వేలకొలది మందిని కొలిచి చూచిన పిమ్మట, స్త్రీకిని పురుషునికిని గల భేదము కంటె మనిషికిని మనిషికిని గల భేదమే యెక్కువయని తేలినదని కొన్ని పెద్ద కంపెనీలు ఆ ప్రత్యేక చట్రములను మానివైచినవి. లివ్ వంటి కంపెనీలు మాత్రము స్త్రీలకు వేఱుగానే రూపొందింపవలెనని పట్టుబట్టియున్నవి. ఎవరిది సరియో తేల్చు శక్తి నాకు లేదు. సీటు విషయమున మాత్రము స్త్రీలకు వేఱు కొలత తఱచుగా అవసరమగునని ఇరుపక్షములవారును ఒప్పుకొందురు.

ఈ చదువంతయు నేను చదివినది మా అమ్మాయితో మరల మాటలాడుటకు ధైర్యము కూడగట్టుకొనుటకే. ఒకనాటి సాయంకాలము వరండాలో ఆమె ప్రక్కన కూర్చుండి, "అమ్మా, నాకు తెలియక అన్నాను. తప్పు నాది. ఈసారి నువ్వే ఏరుకో" అంటిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, "సరేగాని నాన్నగారూ, ఈసారి మీరు ఎక్కి చూడకండి" అనెను.

మొదట కొలతలు. గోడకు వీపు ఆనించి, చెప్పులు లేకుండ నిలిచి, కాళ్ల నడుమ ఒక అట్టపుస్తకమును సీటువలె పైకి ఒత్తిపట్టి, దాని అంచునుండి నేల వఱకు కొలువవలెను. ఆ పని అక్కయ్య చేసినది. నేను వీథిలోనికి పోయితిని. 71 సెంటీమీటర్లు. నిలుచున్నప్పుడు నడుమకడ్డీకిని దేహమునకును మధ్య రెండంగుళములైనను ఎడముండవలెనని నియమము. వరండాలోని సైకిలుకు ఎడము మాట అటుండగా కడ్డీయే యెత్తుగా నుండెను. తరువాత సీటు కొలత. గట్టి బల్లమీద అట్టపెట్టె ముక్క పఱచి, దానిపై కొంచెము ముందుకు వంగి కూర్చుండి లేచిన, రెండు ఎముకల గుంటలు పడును. ఆ గుంటల నడిమి దూరమునకు రెండు మూడు సెంటీమీటర్లు చేర్చిన సీటు వెడల్పు వచ్చును. బరువు ఎముకలమీద పడవలెను గాని మెత్తని భాగములమీద పడరాదు. అందుచేతనే దళసరి మెత్త గల సీటు మేలనుకొనుట పొరపాటు. ఎముకలు మెత్తలోనికి దిగిపోయి, మెత్త పొంగి, ఒత్తిడి ఉండరాని చోటనే యుండును. నడుమ గాడి యున్న గట్టిసీటు మేలు. నా భార్య రెండేండ్ల క్రిందట ఆ పుండ్లకు విరుగుడుగా మెత్తని తొడుగొకటి రహస్యముగా కొనియిచ్చినదట. అది బాధను హెచ్చించినది.

దుకాణమునకు ముగ్గురమును పోయితిమి. ఆదివారపు బృందములో కొండలు తొక్కు అమ్మాయి యొకతె నాలుగవదిగా వచ్చినది. ఇది వేఱొక దుకాణము. ప్రశ్న మాత్రము అదియే. "ఆడపిల్లకా సార్?" ఈమాఱు నేను నోరు మెదపలేదు. "155 ఎత్తు, 71 లోపలి కొలత, కొండదారికి" అని మా అమ్మాయియే చెప్పినది.

వారు రెండు చూపిరి. ఒకదానిమీద స్త్రీలదని చీటీ యుండెను, పూలతీగె చిత్రించియుండెను. చట్రపు కొలత బాగుగనే యున్నది. కాని ఫోర్కులో ఉక్కు స్ప్రింగు, వెనుక ఏడు గేర్లు. రెండవదానికి చీటీ లేదు, మిక్కిలి చిన్న చట్రము, 27.5 అంగుళముల చక్రములు, గాలి ఫోర్కు, నూనె ఒత్తిడితో పనిచేయు డిస్కు బ్రేకులు, 14 కిలోలు. కొండ యెక్కు స్త్రీ యుండదని మొదటి సైకిలు చేసినవాడు తలచెను గాబోలు! వచ్చిన అమ్మాయి ఫోర్కును గూర్చి చెప్పిన మాట నాకు పాఠమైనది. ఉక్కు స్ప్రింగు ఏ బరువునకు చేసిరో ఆ బరువునకే లొంగును. 48 కిలోల పిల్ల కూర్చుండిన అది కదలదు, ఱాతిదెబ్బలన్నియు చేతులకే వచ్చును. గాలి ఫోర్కులో చిన్న పంపుతో ఎవరి బరువునకు తగిన గాలి వారు నింపుకొనవచ్చును. కదలిక 100 మిల్లీమీటర్లైనచో, ఊరక కూర్చున్నప్పుడు 20 మొదలు 25 వఱకు క్రుంగునట్లు చూచుకొనిన చాలును.

బరువు మాట గూడ అక్కడనే లెక్కవేసితిని. 17 కిలోల సైకిలు ఆమె బరువులో మూడవవంతునకు మించినది. నా బరువు 74. ఆమె మోసిన భారము నాకు తెలియవలెనన్న నేను 26 కిలోల సైకిలు నెక్కి కొండ తొక్కవలెను. రెండు ఫర్లాంగులైనను పోగలనా?

దుకాణదారు వాకిటిముందు తిరిగి చూడుమనెను. మా అమ్మాయి ఒప్పుకొనక, వీథి చివఱనున్న యెత్తుమీదికి తొక్కి, ఆగి, కాలు నేలకాన్చి, మరల దిగివచ్చినది. హాండిలు ఇంకను కొంచెము దూరమే యనెను. హాండిలును పట్టియుంచు ముక్క 80 మిల్లీమీటర్లది తీసి 50ది వేసిరి. హాండిలు కడ్డీ 780 వెడల్పుండగా రెండు కొనలను కోసి 720 చేసిరి. పెడలు కాడలు 165వి వేయుమని వచ్చిన అమ్మాయి చెప్పినది. పొట్టికాళ్లకు పొడుగుకాడలు మోకాలును అతిగా వంచునట. గాడి సీటు వేఱుగా కొనితిమి. మొత్తము అరువదివేల రూపాయలకు కొంచెము తక్కువ. నా జీతమునకు ఇది చిన్న మొత్తము కాదు. కాని మొదటి సైకిలుకు పెట్టినదే నిజమైన దుబారా.

చివఱకు బ్రేకు పిడులు. దుకాణపు కుఱ్ఱవాడు అలెన్ కీ తీసి, పిడి మొదట నున్న చిన్న మఱను రెండు చుట్లు త్రిప్పెను. పిడి హాండిలు దగ్గఱకు వచ్చినది. చూపుడువ్రేలు సుఖముగా అందినది. "ఈ మర పాత సైకిలుకి కూడా ఉంటుందా?" అని మా అమ్మాయి యడిగెను. "దాదాపు అన్నిటికీ ఉంటుందమ్మా" అని వాడనెను. ఇంటికి వచ్చి వరండాలో చూచితిని. ఉన్నది. తుప్పు పట్టియున్నది. రెండు నిమిషముల పని. ఆ పని యెఱుగకయే ఆ పిల్ల నాలుగు నెలలు కొనవ్రేళ్లతో కొండలు దిగినది.

ఆ పాత సైకిలు ఇప్పుడు నాది. సీటును రెండంగుళములు పైకి లేపగా నా దేహమునకు కొలిచి చేసినట్లున్నది. ఆదివారములందు మా అమ్మాయి వెనుక మొదటి మలుపు వఱకు పోవుచున్నాను. అక్కడనుండి ఆమె పైకి, నేను ఇంటికి.

అక్కయ్య ఊరికి పోవు ముందటి సాయంకాలము కొత్త సైకిలును అటునిటు త్రిప్పి చూచి, సీటుమీద చేయి వేసి నొక్కినది. ఆమెకిప్పుడు ఏబదియేండ్లు. "దీన్ని ఇంకా కిందికి దించొచ్చా?" అని మేనకోడలి నడిగినది.

"ఎంతైనా దించొచ్చు అత్తా. నీకు కావాలా?"

"ముందు నా కొలత తియ్యవే" అని అక్కయ్య గోడకు వీపు ఆనించి నిలిచినది. మా అమ్మాయి టేపును, అట్టపుస్తకమును తెచ్చుటకు లోనికి పరుగెత్తినది. నేను ఎవరును చెప్పకయే వీథిలోనికి పోయితిని.